ఏసీ నీళ్లు కాళ్ల కిందికి వస్తుంటే

పాఠకుల ప్రశ్నలు - నిపుణుల జవాబులు

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. ఇంటి ముందు వేపచెట్టు కింద నిలుపుతాం. పది రోజులుగా డ్రైవరు పక్క సీటు ముందు కార్పెట్ తడిసిపోతోంది. వాన చుక్క పడలేదు. మలుపు తిరిగితే డ్యాష్‌బోర్డులో నీళ్లు కదిలిన చప్పుడు వస్తోంది. చల్లదనం మాత్రం బాగానే ఉంది. గ్యాస్ లీకవుతోందా?
- ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: గ్యాస్ కాదండీ. అది కారితే చల్లదనం తగ్గుతుంది గానీ కార్పెట్ తడవదు. మీ గుర్తులన్నీ ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయిందనే చెబుతున్నాయి.

చల్లటి నీళ్లు పోసిన చెంబుకి చెమ్మ పట్టినట్టే, డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌కీ గాలిలోని తేమ నీరై పడుతుంది. చెన్నై ఉక్కలో, బయటిగాలి తీసుకునే మోడ్‌లో ఏసీ నడిస్తే గంటకు లీటరుకు పైనే దిగొచ్చు. ఆ నీరు కాయిల్ కింది తొట్టిలో చేరి, చిన్న రబ్బరు పైపు గుండా రోడ్డు మీదికి పోవాలి. దారి లేకపోతే తొట్టి నిండి అతుకుల్లోంచి మీ కాళ్ల దగ్గరికి దిగుతుంది. వేపపువ్వు, ఎండుటాకుల పొడి వైపర్ల కింది నల్ల జాలీలోంచి లోపలికి లాగబడి, కాయిల్ తడికి ముద్దకట్టి, పైన పాచి పెరిగి బిరడాలా బిగుసుకుంటుంది.

అయినా పైపు ముట్టుకునే ముందు అది ఏ నీరో తేల్చుకోండి. తడిని తెల్ల గుడ్డతో అద్దండి. రంగు, జిగట లేకపోతే ఏసీ నీరే అనుకోవచ్చు. తియ్యటి వాసన, జిగట, ఆకుపచ్చో గులాబీయో రంగు ఉంటే హీటర్ కాయిల్ నుంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతున్నట్టు. బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంది. అలాంటప్పుడు బండి నడపకుండా వర్క్‌షాపుకి చెప్పండి. ఏసీ నీరే అనిపిస్తే కారు ఆరుబయట నిలిపి, బయటిగాలి మోడ్‌లో ఏసీ ఫుల్లుగా 20 నిమిషాలు నడపండి. ఇంత ఉక్కలోనూ కింద చుక్క పడలేదంటే పైపు మూసుకుపోయిందన్నమాటే.

శుభ్రం చేయడానికి వాటర్ వాష్ చేసే చోట ర్యాంపు మీదికి ఎక్కించండి. జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. ఇంజన్ ఆపి, సైలెన్సర్ పైపు చల్లారనివ్వండి. చాలా కార్లలో డ్రెయిన్ పైపు ఎడమవైపు, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ కింది భాగంలో, మోచేయిలా వంగిన నల్ల రబ్బరు ముక్కలా కనిపిస్తుంది. కొన పెదవుల్లా మూసి ఉంటే రెండు వేళ్లతో నొక్కి తెరవండి. ఒక్కోసారి దానితోనే నీళ్లు దూకుతాయి, ముఖం పక్కకు పెట్టుకోండి.

కదలకపోతే పీల్చడమే మంచి పద్ధతి. తడి కూడా లాగే వ్యాక్యూమ్ గొట్టాన్ని పైపు కొనకు ఆనించి, చుట్టూ గుడ్డ చుట్టి, అర నిమిషం చొప్పున రెండు మూడుసార్లు లాగించండి. అది లేకపోతే మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజికి మెత్తటి ట్యూబు ముక్క తొడిగినా పనిచేస్తుంది. ఇంకా గట్టిగా ఉంటే గడ్డి కోసే మెషిన్లో వాడే నైలాన్ తీగ కొనను గుండ్రంగా చేసి, 10 సెంటీమీటర్లు మించకుండా మెల్లగా తిప్పండి. ఇనుప తీగ వద్దే వద్దు. కాయిల్ అల్యూమినియంది, గొట్టాలు పల్చన. తీగ గుచ్చుకుంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: కార్పెట్ తడుస్తోందంటే మెకానిక్ ఇదే డ్రెయిన్ పైపులోకి కంప్రెసర్ గాలి కొట్టాడు. రెండు రోజులు బాగుంది. ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ తడి!
- ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: పైపు లోపలివైపు ఊడి ఉండవచ్చు. చాలా కార్లలో దాన్ని తొట్టి మూతికి తొడగడమే ఉంటుంది, క్లిప్పు ఉండదు. టైర్ల కంప్రెసర్ గాలి నేరుగా కొడితే ఊడిపోతుంది, లేదా చెత్త తిరిగి తొట్టిలోకే పోయి రెండో రోజుకి మళ్లీ అడ్డుపడుతుంది. పక్క సీటు ముందు కార్పెట్ అంచు ఎత్తి టార్చితో చూడమనండి. ఊడితే తిరిగి బిగువుగా తొడగడమే. రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే కొత్తది వేయించండి. గాలి కొట్టక తప్పకపోతే ప్రెషర్ 20 పీఎస్‌ఐకి తగ్గించి, విడివిడిగా, చిన్నగా కొట్టాలి.

ప్రశ్న: అండర్‌బాడీ కోటింగ్ (కారు అడుగున తుప్పు పట్టకుండా కొట్టే పూత) వేయించిన వారం నుంచి కారు కింద ఏసీ నీళ్లు పడటం లేదు. సంబంధం ఉందా?
- ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: ఉంది. పైపు కొనను కవర్ చేయకుండా కొట్టేశారు. ఆ నల్లపూత పొర గీకి, కొన తెరిపించండి. కోటింగ్ వేసినవాళ్లదే బాధ్యత, వాళ్లచేతే చేయించుకోండి.

ప్రశ్న: పైపు బాగుచేయించాం. రెండు రోజులు అద్దాలు దించి ఎండబెట్టినా ముక్కిపోయిన వాసన పోవడం లేదు. మళ్లీ మూసుకోకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, అడయార్

జవాబు: కార్పెట్ పైన చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది, తడి అంతా కింద ఉన్న స్పాంజి పొరలో దాగి ఉంటుంది. తలుపు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ ఎత్తి, కింద ఇటుకో చెక్కముక్కో పెట్టి, టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా రెండు మూడు రోజులు ఉంచండి. అలాగే వదిలేస్తే నేల రేకు తుప్పుపడుతుంది, వైర్ల కనెక్టర్లకు చిలుము పడుతుంది. సీటు కింది పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగుకి సంబంధించింది, దాన్ని కదపవద్దు.

కార్పెట్ ఆరాక కూడా ఏసీ వేసిన మొదటి నిమిషంలో వాసన వస్తే పాచి కాయిల్ మీదే ఉంది. కాయిల్ కోసం చేసిన ఫోమ్ క్లీనర్ కొట్టించండి. బ్లీచింగ్ నీళ్లు, ఆసిడ్ పోయవద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇక ముందు జాగ్రత్తలు. లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చండి, చెట్ల కింద నిలిపే బండికి ఇంకా ముందే. కొన్ని చవక మోడళ్లలో చోటు ఉంటుంది గానీ ఫిల్టర్ ఉండదు, అడిగి వేయించుకోండి. గమ్యం ఐదు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ చాలావరకు ఆరుతుంది. వైపర్ల కింది జాలీ మీది ఆకులు వారానికోసారి చేత్తో తీయండి, నీళ్లతో లోపలికి తోయకండి. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యే ముందు ఒకసారి, నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడిపాక మరోసారి పైపు కొన చూసుకోండి. బురద అక్కడ ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడే కడిగేయాలి.