పాత పిస్టన్ పారెయ్యకు తల్లీ

తల్లీ,

ఆ టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ సిలిండర్ విప్పేశావని మీ నాన్న చెప్పాడు. సంతోషమేసింది, ఆ వెంటనే గుండె దడా పుట్టింది. ఎవర్నీ అడక్కుండా హెడ్డు ఊడదీసిన పిల్లవి, ఎవర్నీ అడక్కుండానే కొత్త పిస్టన్ పడేసి కిక్ కొడతావేమోనని నా భయం. ఇది చదివాక కొట్టు.

ముందు సిలిండర్ కింద క్రాంక్ తిరిగే గూడు, అదే క్రాంక్‌కేసు, దాని నోట్లో పోగులు రాలని గుడ్డ కుక్కు. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్ ఒక్కటి లోపల పడినా ఇంజన్ మొత్తం విప్పాల్సి రావచ్చు.

పాత పిస్టన్ పారేశావా? పారేసుంటే చెత్తలోంచి వెతికి తీసుకురా. జబ్బేమిటో చెప్పేది అదే. ఇన్‌టేక్ వైపు, అంటే గాలి లోపలికొచ్చే వైపు, సన్నటి నిలువు గీతలుండి, మెరుపు పోయి మసకబారితే దుమ్ము లోపలికి పోయిందన్నమాట. ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌కి నూనె ఉందా, అంచు సరిగ్గా కూర్చుందా చూడు. ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ పోయే వైపు, మాత్రమే లోహం పూసుకుపోతే పెట్రోలో, నూనో చాలలేదు. నాలుగు మూలలా మచ్చలుంటే చల్లటి ఇంజన్‌ని ఎవరో వేడెక్కనివ్వకుండా బాదేశారు.

ఇక సిలిండర్. దాని బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం, ఇనప స్లీవా, పూత బోరా తేల్చుకో. తిరగేసి కింది అంచు చూడు. అల్యూమినియంలో వేరే లోహపు గొట్టం దిగేసినట్టు అంచు కనపడి, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే స్లీవు. ఆ అంచు లేకపోతే నికాసిల్ లాంటి పూత: నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు. మందం మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూ. దాన్ని ఓవర్‌సైజుకి, అంటే ఇంకాస్త పెద్ద పిస్టన్ పట్టేలా, బోరింగ్ కొట్టిస్తే పూతే ఉండదు. లేచిపోయిన పూతకి మళ్ళీ పూత వేయించడమో, స్లీవు దింపించడమో తప్ప దారి లేదు.

పూత మీద పిస్టన్ అల్యూమినియం అంటుకుంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని దూదిపుల్లతో అద్దు. నురగ వస్తుంది. కాసేపటికి ఆగిపోతే కింద పూత క్షేమం. తుడిచి అద్దిన ప్రతిసారీ ఒకేచోట పొంగుతుంటే అక్కడ పూత పోయింది, యాసిడ్ సిలిండర్‌నే తింటోంది. వెంటనే నీళ్ళతో కడిగెయ్. పోర్టుల్లోకి, అంటే సిలిండర్ గోడలోని గాలి, పొగ దారుల్లోకి, జారనివ్వకు. ఆరుబయట చెయ్యి, గ్లవ్స్ వేసుకో, కళ్ళకి అద్దాలు పెట్టుకో. ఈ విషయంలో నాతో వాదించకు.

స్లీవైతే లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద కొలువు. ఒక్కోచోట ముందు-వెనక ఒకటి, ఎడమ-కుడి ఒకటి. అరుగుదల మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటితే రీబోరు, అంటే బోరుని పెద్దది చేయించడం. ఆ హద్దు చాలావాటికి 0.05 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఓవర్‌సైజు పిస్టన్ చేతికొచ్చాకే లేత్ షాపుకి వెళ్ళు. ఆ పిస్టన్‌కి చెప్పిన క్లియరెన్స్‌కే, అంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య సందుకే, బోరు కొట్టించాలి. కొట్టించాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. గోటిని బోరు వెంబడి పైకీ కిందికీ లాగు. గోరు తట్టిన చోటే రింగూ తట్టుకుంటుంది. అన్ని అంచులూ పదును పోయేలా నున్నగా చాంఫర్ చేయించు.

తర్వాత వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షు. పెట్రోలుతో కడిగితే రాపిడి పొడి పూర్తిగా పోదు. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా రుద్ది, వెంటనే నూనె పట్టించు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత చేసీ అందరూ ఒకచోట దెబ్బతింటారు. రెండో పిస్టన్ కూడా అదేచోట పట్టేస్తే, అంటే సిలిండర్‌లో బిగుసుకుపోతే గాని నా బుర్రకీ ఎక్కలేదు. ఈ ఇంజన్ క్రాంక్‌కేసు గుండానే ఊపిరి పీలుస్తుంది. మాగ్నెట్ వైపు క్రాంక్ కొసన ఉండే రబ్బరు ఆయిల్ సీల్ గట్టిపడి పగిలితే అక్కడినుంచీ గాలి లాగుతుంది. ఆ గాలితో పెట్రోలు రాదు. నూనె వచ్చేదీ పెట్రోలుతోనే కాబట్టి అదీ రాదు. వేడి పెరుగుతుంది, తడి తగ్గుతుంది. త్రాటిల్ వదిలాక ఇంజన్ స్పీడు వెంటనే దిగదు, తేలుతూ ఉంటుంది. అది చూసి మనం కార్బురేటర్ మీద పడతాం. ఎక్కువ పెట్రోలు వదిలే పెద్ద జెట్ వేస్తాం, కాస్త కుదుటపడ్డట్టే ఉంటుంది. సీలు మాత్రం ఇంకాస్త విచ్చుకుంటుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాగేస్తుంది: తెల్లపొగ, తడిసిన ప్లగ్, తగ్గిపోయే ఆయిల్.

అందుకని బిగించాక, కిక్ కొట్టకముందు, ప్రెషర్ పరీక్ష చెయ్యి. ఇన్‌టేక్ రబ్బరు ఉంచి కార్బురేటర్ తియ్యి, సైలెన్సర్ విప్పు, రెండు దారులూ బిరడాలతో మూసి చేతిపంపుతో 6 పీఎస్ఐ ఎక్కించు. అంతకు మించకు, మంచి సీలునే చెడగొడతావు. ఆరు నిమిషాలు చూడు. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ దిగితే ప్రతి అతుకుమీదా సబ్బునీళ్ళు పోసి బుడగల కోసం వెతుకు. క్లచ్ వైపు లీకు బయటికి కనపడదు, గేర్‌బాక్స్ ఆయిల్ పోసే రంధ్రం మీద సబ్బుపొర పెడితే ఉబ్బుతుంది. బద్ధకిస్తే ఊరుకోను.

బిగింపులో పిస్టన్ బాణం ఎగ్జాస్ట్ వైపు, రింగు కొసలు రింగు గాడిలోని చిన్న పిన్ను దగ్గర, సర్‌క్లిప్‌లు కొత్తవి. పెట్రోలులో నూనె కలిపే పాళ్ళు 32:1, అంటే లీటరు పెట్రోలుకి 31 మి.లీ. నూనె, సిరంజితో కొలువు. మంచిదే కదా అని ఎక్కువ పొయ్యకు. నూనె పెరిగితే ఆమేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. వేడెక్కించి ఆపి పూర్తిగా చల్లారనివ్వు, మూడుసార్లు. తర్వాతే తోలడం.

తోలేటప్పుడు రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉండాలి తల్లీ. ఇంజన్ పట్టేస్తే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. శబ్దం బిగుసుకున్నట్టనిపించగానే క్లచ్ లాగెయ్, ఆలోచించకు. పొడుగాటి దిగుడులో త్రాటిల్ పూర్తిగా మూసి దిగకు. పెట్రోలు ఆగితే నూనె కూడా ఆగిపోతుంది, మధ్యమధ్య కాస్త తిప్పుతూ ఉండు.

ముందు పాత పిస్టన్ ఫోటో పంపు. ఎగ్జాస్ట్ వైపు, వెలుతురులో. నేను చూసేదాకా కొత్తది పెట్టెలోనే ఉండనీ.

మీ పెదనాన్న