చిన్న మదర్‌బోర్డుకు సొంత క్యాబినెట్: కొలతలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నా దగ్గర మినీ ఐటీఎక్స్ (170 మి.మీ. చదరపు) మదర్‌బోర్డు, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఉద్దేశం లేదు. బజారులో దొరికే క్యాబినెట్లు నా బల్లకు పెద్దవి కావడంతో, ఆటోనగర్‌లో అల్యూమినియం రేకుతో 20 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 5 ఎత్తు ఉండే పెట్టె చేయించుకోవాలని అనుకుంటున్నాను. ఈ కొలతలు సరిపోతాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పొడవు, వెడల్పు సరిపోతాయి. ఎత్తు సరిపోదు. బయటి ఆకారాన్ని ముందుగా మనసులో ఖాయం చేసుకుని, భాగాలను అందులో ఇమిడ్చే ప్రయత్నం చేస్తే చివరకు ఇబ్బంది పడేది ఎత్తు దగ్గరే. అందుకే లెక్కను అడుగు రేకు నుంచి పైకి కట్టుకుంటూ రండి. బోర్డును నిలబెట్టే స్టాండాఫ్‌లకు 6.35 మి.మీ., బోర్డు మందానికి 1.6 మి.మీ., సాకెట్‌తో కలిపి ప్రాసెసర్ పైభాగానికి సుమారు 8 మి.మీ. పోతే, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ మొదలు కాకముందే 16 మి.మీ. అయిపోతుంది. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే కూలర్ ఎత్తు 54 మి.మీ.; దాన్ని వాడితే 70 దాటుతుంది. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ వంటి పొట్టి కూలర్ ఫ్యానుతో సహా 37 మి.మీ. మాత్రమే ఉంటుంది కనుక, మొత్తం 53 దగ్గర ఆగుతుంది.

ఇక ఫ్యానుకూ పైమూతకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలి? ఎక్కువ ఖాళీ ఉంటే మంచిదని చాలామంది అనుకుంటారు కానీ, ఇటువంటి చిన్న పెట్టెలో అది నిజం కాదు. ఈ ఫ్యాను పైనుంచి గాలిని పీల్చి బోర్డు మీదికి తోస్తుంది. మూతకు దూరంగా ఉంటే, బయటి చల్లగాలికి బదులు పక్కల నుంచి లోపలి వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. కాబట్టి ఫ్యానుకు సరిగ్గా పైన మూతకు జల్లెడలా రంధ్రాలు పెట్టించి, మధ్యలో 4 మి.మీ. మాత్రమే వదలండి. తోసిన గాలి బయటికి పోవడానికి రెండు పక్క రేకులకూ, బోర్డు మట్టానికి కాస్త పైన, రంధ్రాల వరుసలు తప్పనిసరి. మే నెలలో మీ ఊళ్లో గది వేడి 40 డిగ్రీలు దాటుతుంది; గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పైకి జరుగుతుంది. అందువల్ల అందం కోసం రంధ్రాలు తగ్గించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ లెక్కన లోపలి కొలత 176 × 200 × 57 మి.మీ., అంటే సుమారు 2 లీటర్లు.

ఇంత చిన్న పెట్టెలో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే డబ్బా) పట్టదు. వాటిలో చిన్నదైన ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం ఒక్కటే 125 × 63.5 × 100 మి.మీ. ఉంటుంది, దాని ఎత్తే మీ పెట్టెను మించిపోతుంది. మీకు తగినది, మదర్‌బోర్డుకు కరెంటు అందే 24 పిన్నుల సాకెట్‌లోనే కూర్చునే చిన్న డీసీ బోర్డు, దానికి బయటి నుంచి 12 వోల్టుల అడాప్టర్. ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని రాసి ఉన్నా, పని ఎక్కువైనప్పుడు అది 88 వాట్ల వరకు తీసుకోగలదు. కాబట్టి 120 వాట్ల అడాప్టర్‌తో సరిపెట్టకుండా 150 వాట్లది తీసుకోండి. డీసీ బోర్డు కూడా ఆ భారం మోయగలిగినదై ఉండాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ప్రాసెసర్ పరిమితిని 45 వాట్లకు తగ్గిస్తే వేడి కూడా బాగా తగ్గుతుంది.

తరువాత, బోర్డు రంధ్రాల సంగతి. 2001లో తైవాన్‌కు చెందిన వయా సంస్థ 170 మి.మీ. చదరంగా మినీ ఐటీఎక్స్ కొలతను రూపొందించినప్పుడు, పెద్ద బోర్డుల కోసం చేసిన పాత ఏటీఎక్స్ క్యాబినెట్లలో కూడా బోర్డు పట్టేలా ఏటీఎక్స్ రంధ్రాల్లోంచే నాలుగింటిని తీసుకుంది. అందుకే అవి సరైన దీర్ఘచతురస్రంగా ఉండవు: ఒక వైపు రంధ్రాల మధ్య దూరం 154.94 మి.మీ. అయితే, ఎదుటి వైపు 132.08 మాత్రమే. బోర్డును కాగితం మీద పెట్టి పెన్సిలుతో గుర్తులు వేసుకోవడం తేలిక, కానీ బోర్డును బోర్లించి గీస్తే అద్దంలో ప్రతిబింబంలా ఎడమ కుడి తారుమారై, రేకు వృథా అవుతుంది. గీసిన కాగితం మీద పోర్టుల వైపు ఏదో, పైభాగం ఏదో రాసి ఉంచండి.

వెనుక పోర్టుల కిటికీ 158.75 × 44.45 మి.మీ. బోర్డుతో వచ్చే పలుచని కవచం దానిలో బిగుతుగా కూర్చోవాలంటే రేకు మందం 0.94 నుంచి 1.32 మి.మీ. లోపు ఉండాలి. మనవాళ్లు 18 గేజి అనే రేకు 1.22 మి.మీ. కనుక అదే అడగండి. డ్రాయింగు మీద ప్రతి కొలత పక్కనా ‘లోపలి కొలత’ అని స్పష్టంగా రాయండి. మడత వేసేవారు బయటి కొలతగా తీసుకుంటే ఎత్తులో రెండున్నర మి.మీ. పోతుంది, మీ దగ్గర మిగిలిన ఖాళీయే నాలుగు.

ఇంకొక జాగ్రత్త. రెండు పిన్నుల అడాప్టర్ వాడితే, లోహపు పెట్టెను తాకినప్పుడు చేయి జివ్వుమనవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు ఉండి, అవుట్‌పుట్ ఋణధ్రువాన్ని ఎర్తుకు కలిపిన అడాప్టర్‌నే ఎంచుకోండి, ఇంటి ఎర్తింగు కూడా సరిచూసుకోండి. వైఫై వాడేటట్లయితే యాంటెన్నాలు రేకు పెట్టె బయటే ఉండాలి.

రేకు కోయించే ముందు ఇవే కొలతలతో మందపాటి అట్ట పెట్టె చేసి, బోర్డునూ కూలర్‌నూ తీగలతో సహా అందులో ఒకసారి పెట్టి చూడండి. స్విచ్చు ఎక్కడ బిగించాలో, 24 పిన్నుల చోట వేలు పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: ఇదే పెట్టెను ప్లైవుడ్‌తో చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పక్కలు, మూత చేయవచ్చు. యాంటెన్నా సమస్య కూడా ఉండదు. అయితే ప్లైవుడ్ మందం వల్ల బయటి కొలతలు పెరుగుతాయి, వేడి త్వరగా బయటికి పోదు కాబట్టి గాలి రంధ్రాలు మరింత ఎక్కువగా పెట్టాలి. వెనుక పలకనూ, బోర్డు కూర్చునే అడుగునూ మాత్రం 18 గేజి రేకుతోనే, ఒకే ముక్కను మడిచి చేయించండి.