అందరూ గొప్పదన్న నవల మనకి ఎక్కకపోతే తప్పు మనదేనా?

ఈ మధ్య ఏ నవలలు చదివారు, చదివాక నిజంగా ఏమనిపించింది, అందరూ ఆకాశానికెత్తిన నవల మనకి నచ్చకపోతే లోపం మనలోనే ఉన్నట్టా అని అడిగారు. గత ఏడెనిమిది నెలల్లో నేను చదివినవి ఐదు. అందులో ఒకటి ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను. కథ బయటపెట్టకుండా మాట్లాడటం నా వల్ల కాదు కాబట్టి, చదవనివాళ్ళు ఆ పేరాలు దాటేయండి.

ముందు నా అలవాటొకటి చెప్పాలి. పుస్తకం మూసిన రోజు ఓ నోటుబుక్కులో రెండు లైన్లు రాస్తాను. సరిగ్గా నెల తర్వాత, పైన రాసింది చూడకుండా, ఇంకో రెండు లైన్లు రాస్తాను. ఈ రెండూ ఎంత తేడాగా ఉంటాయంటే, ఇద్దరు వేరువేరు మనుషులు రాశారేమో అనిపిస్తుంది. ఓ థ్రిల్లర్ ఉంది, పేరెందుకులెండి. ఒక్క రాత్రిలో చదివేశాను. తెల్లారి "అదిరింది, ఊపిరి తీసుకోనివ్వలేదు" అని రాసుకున్నాను. నెల తర్వాత రాద్దామని కూర్చుంటే హంతకుడెవరో గుర్తు రాలేదు! నవలని తప్పుపట్టడం లేదు, ఆ రాత్రి నాకు కావలసింది అదే. కానీ ఆ "అదిరింది"ని పట్టుకుని ఇంకొకరికి చదవమని చెప్పలేను కదా.

దీనికి సరిగ్గా తలకిందులు గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర". 1947లో వచ్చింది, తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అంటారు. ఈ పేరు మొదటిసారి విన్నది పరీక్షల కోసం చదువుకునే రోజుల్లో. మార్కుల కోసం బట్టీపట్టిన పుస్తకాల మీద ఎవరికి మాత్రం ప్రేమ పుడుతుంది? ఇన్నేళ్ళకి నా అంతట నేను తీశాను. సగం చదివేసరికి కథానాయకుడు సీతారామారావు మీద ఒళ్ళు మండిపోయింది. వంశ ప్రతిష్ఠ అంటూ ఉన్న ఆస్తి కరిగిస్తాడు, కష్టమొస్తే లేచి ఓ పని చెయ్యడు, చెయ్యకపోవడానికి మాత్రం ఓ సిద్ధాంతం అల్లుతాడు. ఒకచోట పెన్సిలుతో అంచున "ఇక చాలు బాబూ" అని రాసి పక్కన పడేశాను కూడా.

తర్వాతేమైందంటే, ఓ స్నేహితుడికి నేను ఫోన్ చెయ్యాల్సి ఉంది. తప్పు నాది, క్షమించమని అడగాలి. మూడు వారాలుగా వాయిదా వేస్తున్నాను. ఓ మధ్యాహ్నం మంచం మీద పడుకుని, అసలు ఫోన్ చెయ్యకపోవడమే ఎందుకు మంచిదో నాకు నేనే చక్కగా వాదించుకుంటున్నాను. ఇప్పుడు చేస్తే అతన్ని ఇబ్బంది పెట్టినట్టవుతుంది, కాలమే అన్నీ సర్దుతుంది, అసలు క్షమాపణ అనేదే ఒక రకం స్వార్థం... ఇలా. మధ్యలో టక్కున గుర్తొచ్చాడు సీతారామారావు. సిగ్గేసింది. లేచి ఫోన్ చేశాను అని చెబితే కథ బాగుండేది. చెయ్యలేదు. పుస్తకం తీసి మిగతా సగం చదివాను. ఫోన్ ఇంకో వారానికి గానీ చెయ్యలేదు.

ఆ మిగతా సగం మాత్రం మొదటి సగంలా చదవలేకపోయాను. శ్మశానం దాకా వెళ్ళే ఆ చివరి పేజీల్లో అతని మీద కోపం రాలేదు. ఈ పుస్తకాన్ని గోపీచంద్ తన తండ్రికి అంకితమిచ్చారు, "ఎందుకు?" అని అడగడం నేర్పినందుకు. ఆ ప్రశ్న అడగడం వచ్చిన మనిషి జవాబు దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుందో చూపించిన నవలకే ఆ అంకితం ఉండటం నాకు భలే అనిపించింది.

ఇక "కాలాతీత వ్యక్తులు". డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఏకైక నవల. 1957-58 ప్రాంతంలో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లోనే, ముప్ఫై రెండేళ్ళకి అటూ ఇటూగా ఉండగా పోయారు. 1963లో వచ్చిన "చదువుకున్న అమ్మాయిలు" సినిమాకి ఆధారం ఈ నవలే, అయితే సినిమా చూసి నవల ఇలా ఉంటుందని అనుకుంటే మాత్రం పొరపాటే.

దీన్ని నేను చదవడం రెండోసారి. ఇరవై ఏళ్ళ వయసులో చదివినప్పుడు కళ్యాణి పక్షం. నెమ్మదస్తురాలు, డబ్బు లేనిది, కష్టపడి చదువుకునే పిల్ల. ఇందిరంటే గిట్టేది కాదు. పెద్ద గొంతు, పట్టిందల్లా నాకే కావాలనే తత్వం, ఎదుటివాళ్ళని మాటతో కొట్టే తీరు. ప్రకాశం కళ్యాణి వైపు మళ్ళితే లోలోపల సంతోషించిన మనిషిని నేను.

ఈసారి మొదటి వంద పేజీల్లోనే నా లెక్క తారుమారైంది. ఇందిర ఉద్యోగం చేస్తుంది, ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంది, తండ్రి కూతురి సంపాదన మీద బతుకుతూ ఉంటాడు. అప్పట్లో ఇవన్నీ చదివే ఉంటాను, కానీ కంటికి ఆనలేదు. అప్పటికి నేను ఒక్క రూపాయి సంపాదించి ఇంట్లో ఇచ్చి ఎరగను మరి. మేడమీద గదిలో అద్దెకుండే ప్రకాశం మెడిసిన్ చదువుతున్నాడన్న మాట నిజమే గానీ, ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేడు. అతన్ని ఇందిర సరిగ్గా అంచనా వేసింది, కళ్యాణి వెయ్యలేకపోయింది. ఇందిర స్వార్థపరురాలే, కాదనను. కళ్యాణి విషయంలో ఆమె చేసింది క్రూరమే. కానీ ఆమె తనతో తను అబద్ధమాడదు. కృష్ణమూర్తిని పెళ్ళి చేసుకునేటప్పుడు కూడా దాన్ని మహాప్రేమ అని అలంకరించుకోదు.

దీని మీద మా అక్కకీ నాకూ పెద్ద గొడవ. "ఉద్యోగం చేసే ఆడపిల్లకి గయ్యాళితనం ఉంటే నువ్వు దాన్ని ధైర్యం అనేస్తున్నావు, ఓ మంచి మనిషి బతుకు నలిగిపోయింది, అది కనపడదా?" అంటుంది. కనపడుతుంది. కానీ రచయిత్రి ఇందిరకి శిక్ష వెయ్యలేదు, అలాగని నెత్తిన పెట్టుకోనూ లేదు. ఆ రోజుల్లో ఓ పాతికేళ్ళు దాటిన అమ్మాయి ఇలాంటి పాత్రని తీర్పు చెప్పకుండా వదిలేసిందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. మా అక్క ఇంకా ఒప్పుకోలేదు. కృష్ణమూర్తి గురించి మాత్రం ఇద్దరికీ ఒకే మాట: మొదట్లో పనికిమాలినవాడిలా కనిపించినవాడే చివరికి కాస్త మనిషనిపించాడు.

రావిశాస్త్రి "అల్పజీవి" గురించి ఎక్కువ చెప్పను, అది చదివి చూడాల్సిందే. భయమే ప్రాణంగా బతికే సుబ్బయ్య అనే గుమాస్తా కథ. తలలో ఆలోచన ఎలా పరిగెడితే వాక్యం అలా పరిగెడుతుంది. మొదట కళ్ళతో చదివితే తికమకగా ఉంది. తలుపేసుకుని పైకి చదివాను, దారిలో పడింది. చదువుతున్నంతసేపూ భుజాలు దగ్గరకి ముడుచుకుని కూర్చున్నానని మెడ నొప్పెట్టాక గానీ తెలియలేదు. నోటుబుక్కులో మొదటిరోజు లైనూ నెల తర్వాత లైనూ దాదాపు ఒకటే ఉన్నది దీనికొక్కదానికే.

ఇప్పుడు మింగుడుపడనిది. బుచ్చిబాబు "చివరకు మిగిలేది". మొదట్లో దీనికి "ఏకాంతం" అని పేరు పెట్టారట. నేను ఎంతో గౌరవించే చదువరులు దీన్ని ప్రాణంగా చూసుకుంటారు. వర్ణనలు చూస్తే రాసిన చెయ్యి మామూలుది కాదని నాకూ తెలుస్తూనే ఉంది. తల్లి మీద లోకం వేసిన మచ్చ కథానాయకుడు దయానిధిని ప్రతి అడుగులో వెంటాడటం, అది మనసుకి పట్టింది. కానీ ఎంతమంది స్త్రీలు వచ్చినా, కోమలి, అమృతం, ఇందిర (ఇక్కడా ఓ ఇందిర, వరసగా రెండు నవలల్లో ఈ పేరు తగిలేసరికి కాసేపు గందరగోళపడ్డాను), అందరూ అతని అన్వేషణలో మజిలీల్లానే అనిపించారు. ఆ అమ్మాయిల తలలో ఏముందో నాకు కావాలనిపించింది, పుస్తకం మాత్రం మళ్ళీ మళ్ళీ దయానిధి తలలోకే తీసుకెళ్ళింది. చివరి యాభై పేజీలు మొండికేసి చదివాను.

అందుకని మీ ప్రశ్నకి నా జవాబు: తప్పు మీది కాదు, పుస్తకానిదీ కాకపోవచ్చు. నచ్చలేదంటే నచ్చలేదనే చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ పాత్ర దగ్గర విసుగొచ్చిందో కూడా చెప్పండి. "బోర్" అని ఒక్క మాటతో తేల్చేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. "అద్భుతం" అని తేల్చేసినా అంతే.

"చివరకు మిగిలేది" కింద నెల తర్వాత రాయాల్సిన లైన్లకి ఇంకా పదకొండు రోజులుంది. మొదటి రోజు రాసిన లైన్లు కనపడకుండా ఆ పేజీ మడిచిపెట్టాను. ఇంతకీ మీకు ఎక్కనిది ఏ నవలో చెప్పనేలేదు.