హాస్టల్లో చేరుతున్న చెల్లెలి కూతురికి

చిట్టితల్లీ,

ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిందనీ, హాస్టల్లో చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా ఏళ్లు వార్డెన్‌గా చేసినదాన్ని, నా మాటలు కాస్త మనసులో పెట్టుకో.

నీలా కాలికి ఊతంగా పట్టీలతో బిగించుకునే కాలిపర్, చంకకర్రలు వాడే పిల్లల్ని ఏడిపించాలనుకున్నవాళ్లు ముందు ఆ వస్తువుల మీదే చెయ్యి వేస్తారు. రాత్రి పట్టీలు విప్పి కాలిపర్ మంచం పక్కన పెట్టుకుంటావు. తెల్లారేసరికి అది ఉండదు, చంకకర్రలు వాటర్ ట్యాంకు వెనకాల ఉంటాయి. వరండాలో నలుగురు నవ్వుతుంటారు. వార్డెన్‌కి చెబితే "సరదాకి చేశార్లేమ్మా, అడ్జస్ట్ అవ్వు" అంటుంది. అక్కడితో ఆగిపోకు తల్లీ, చట్టం దాన్ని నేరమనే అంటుంది.

1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఉంది, హాస్టళ్లకీ వర్తిస్తుంది. కానీ దాని ప్రకారం వెక్కిరింపులకూ అవమానాలకూ మహా అయితే ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ఇంకా గట్టిది. కావాలని నీ కాలిపర్ పాడుచేసినా, వాడుకోనివ్వకుండా చేసినా ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, దానికితోడు జరిమానా. నలుగురిలో కించపరచాలని అవమానించినా అంతే.

అందుకే ఫిర్యాదులో "ఏడిపించారు" అని రాసి ఊరుకోకు. ఏ వస్తువు తీశారు, ఎప్పుడు, ఎక్కడ దొరికింది, ఎంతసేపు మంచం దిగలేకపోయావు, ఎవరు చూశారు, అన్నీ రాయి. రెండు చట్టాల పేర్లూ రాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే నీ సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి, నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. ఆ స్టాంపు చాలా ముఖ్యం. ఫిర్యాదు నిజమేనని కనిపిస్తే వాళ్లని సస్పెండ్ చేయాల్సింది ప్రిన్సిపాలే. పట్టించుకోకపోతే ఆయన కూడా ర్యాగింగ్‌కి తోడ్పడినట్టే అంటుంది 1997 చట్టం.

గొడవెందుకని నిన్నే గది మార్చుకోమంటారు. అస్సలు ఒప్పుకోకు. బాత్‌రూమ్ దగ్గర, కింది అంతస్తులో ఉండాల్సింది నువ్వు. మారాల్సింది వాళ్లు.

ర్యాగింగ్ ఫిర్యాదుల కోసం యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేస్తుంది. నీకు నోరు రాకపోతే నీ ఫ్రెండ్ అయినా సరే మేజిస్ట్రేటు హోదాలో ఉన్న తహసీల్దారుకి తెలియజేయవచ్చు, 2016 చట్టం ఆ వీలు ఇచ్చింది.

చేరిన రోజే కాలిపర్‌నీ కర్రల్నీ ఫోటోలు తీసి మీ అమ్మకి పంపు. ఏదైనా జరిగితే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఫిర్యాదు ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ పెద్దమ్మ