పీఎం కిసాన్ స్టేటస్‌లో డబ్బు జమైనట్టుంది, ఖాతాలో మాత్రం లేదు. ఎక్కడ వెతకాలి?

స్టేటస్‌లో విడత జమైనట్టు చూపిస్తున్నా మీ నాన్నగారి ఖాతాలో రూపాయి పడలేదని, బ్యాంకులో అడిగితే వ్యవసాయాఫీసుకు, అక్కడ అడిగితే బ్యాంకుకు తిప్పుతున్నారని రాశారు. అచ్చం ఇదే మా ఇంట్లో జరిగింది. ఆ డబ్బు చాలావరకు ఆయన పేరు మీదే ఉన్న ఇంకో ఖాతాలో ఉండి ఉంటుంది. ముందు ఆయనకు ఈ మాట చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

మాది సూర్యాపేట వైపు. నాన్నకు రెండున్నర ఎకరాలు. రైతుబంధు మా పాత ఖాతాలోనే పడేది. పీఎం కిసాన్ మాత్రం వరసగా మూడు విడతలు రాలేదు. అదే మనిషి, అదే భూమి, ఒకటి వచ్చి ఇంకొకటి రాదేంటని ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. రైతుబంధు కోసం ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాం కాబట్టి ఆ ఖాతా నంబరుకే వేసేవారు. పీఎం కిసాన్ 2,000 అలా కాదు, ఆధార్ నంబరును బట్టి వెళ్తుంది. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు సీడింగ్ (ప్రభుత్వ డబ్బు పడేందుకు జత) అయి ఉంటే అందులోనే పడుతుంది.

మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూడండి. బ్యాంకు పేరు కనిపిస్తుంది. మాకు కనిపించిన పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మే గుర్తు చేసింది. అంతకుముందు ఏడాది కిరాణా కొట్టు ముందు ఎవరో టేబుల్ వేసుకుని జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిచారు, నాన్న వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ పుస్తకం పట్టా పాస్‌బుక్ ఉన్న కవర్లోనే, అడుగున, ఒక్క ఎంట్రీ కూడా లేకుండా దొరికింది. బ్యాంకుకెళ్లి ప్రింట్ వేయిస్తే 2,000 చొప్పున మూడు లైన్లు. నాన్న ఆ పేజీని వేలితో తడిమి తడిమి చూశాడు. ఎరువుల కొట్లో అప్పు పెట్టిన సీజన్ అది. అంతకాలం మాకెవరూ ఈ ఒక్క ముక్క చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పీఎం కిసాన్ స్టేటస్‌లో ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని ధ్రువీకరించడం) దగ్గర 'నో' ఉంటే అది వేరే సంగతి. పొలం పనులతో అరిగిపోయిన వేళ్లకు మిషన్ పలకదు, పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసేయొచ్చు. ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు జతచేయడం) 'నో' అయితే పట్టా పాస్‌బుక్ తీసుకుని ఏఈవోను కలవండి.

పాత ఖాతాలోకే రావాలంటే ఆ బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. "మీ ఆధార్ లింకయ్యే ఉంది" అంటారు, మాకూ అలాగే అన్నారు. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు కోసం సీడింగ్ వేరు. ఆ రెండో మాటే గట్టిగా అడగండి. మారాక వచ్చే విడతలే పాత ఖాతాలో పడతాయి, ఇప్పటికే పడినవి ఆ రెండో ఖాతా నుంచే తీసుకోవాలి. తొందరపడి దాన్ని మూయించకండి.