బడి మానేసిన పిల్లల మీద పరిశోధనకు బయల్దేరే ముందు

చిన్నమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీకి ఉదయగిరి, కనిగిరి వైపు బడి మానేసిన పిల్లల విషయం తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. సర్వే మేలా, ఇంటర్వ్యూలు మేలా అని అడిగావట. ముందు ప్రశ్న తేల్చుకో తల్లీ. ఎంతమంది మానేశారో కావాలంటే సర్వే చెయ్యి. ఎందుకు మానేశారో కావాలంటే ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉండాల్సిందే. ఏ దారిన పోయినా, ఆ దారిలో నీకు కనపడనిది ఏమిటో మొదటిరోజే నోట్‌బుక్‌లో రాసుకో.

బడుల నుంచి ఏటా ప్రభుత్వానికి వెళ్లే యూడైస్ లెక్కలు ఖర్చు లేకుండా దొరుకుతాయి, ఏళ్ల తరబడి ఉన్నాయి. వాటిని తప్పక చూడు. కానీ అవి పేరు నమోదైన పిల్లల లెక్కలు. మెట్ట మండలాల నుంచి సంక్రాంతి దాటాక కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు వలసపోతాయి. పేరు రిజిస్టర్లో ఉంటుంది, పిల్లవాడు మిరపచేలో ఉంటాడు. పైగా పిల్లల్ని చదివించే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బుకు 75 శాతం హాజరు నిబంధన ఉంది. నువ్వు ఫారం చేతపట్టుకుని “మీవాడు రోజూ బడికి పోతాడా?” అంటే ఏ తల్లి లేదంటుంది? నిన్ను ఆఫీసు మనిషి అనుకుని భయపడుతుంది.

ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశం నుంచి కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి వెళ్లాయి. కాబట్టి ప్రకాశం జిల్లా పాత అంకెను, కొత్త అంకెను పక్కపక్కన పెట్టి డ్రాపౌట్లు తగ్గారని రాయొద్దు. మండలాలవారీగా తీసుకుని నువ్వే కూడుకో.

పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే నాకిష్టం, అది 2005లో మొదలైంది. వాళ్లు బడికి కాకుండా ఇంటికి వెళ్లి, పిల్లల చేత రెండో తరగతి స్థాయి పాఠం చదివిస్తారు. అందువల్ల బడికి రానివాళ్లూ లెక్కలోకి వస్తారు. అయితే జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లే చూస్తారు. ఆ అంకెతో ఒక మండలం గురించి మాట్లాడకూడదు. పిల్లవాడికి చదవడం రాదని తెలుస్తుంది, ఎందుకు రాలేదో తెలియదు.

ఊళ్లో ఉండి చూస్తే ఏం దొరుకుతుందో మన జిల్లాయే చెబుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. ఎంతమందికి సంతకం వచ్చిందన్నదే సర్వే చెప్పగలిగేది. ఆ జిల్లాలోని దూబగుంట ఊళ్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదివి, దాని గురించి మాట్లాడుకుని, సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చదువు వాళ్ల చేత ఏం చేయించిందో రాసుకోవడానికి ముందే అచ్చేసిన ప్రశ్నావళిలో గడి ఉండదమ్మా. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

అలాగని ఒక్క ఊరిని పట్టుకుని జిల్లా అంతా ఇంతే అనకూడదు. ఇంగ్లండులో పాల్ విల్లిస్ అనే పరిశోధకుడు కార్మిక కుటుంబాల కుర్రాళ్లు 12 మంది వెంట బడిలోనూ, తర్వాత పనిలోనూ తిరిగి 1977లో పుస్తకం వేశాడు. బడిని ఎదిరించిన కుర్రాళ్లు చివరికి తండ్రుల్లాగే కూలిపనికి ఎలా చేరారో అంత లోతుగా ఏ సర్వే చెప్పలేదు. కానీ అందులో ఆడపిల్లల బతుకు లేదని తర్వాతివాళ్లు తప్పుపట్టారు, న్యాయంగానే.

ఊరికి ఎవరి వెంట వెళ్తావన్నది చాలా ముఖ్యం. హెడ్మాస్టరు బండి మీద దిగితే పిల్లలు ఆయనకు నచ్చే జవాబే చెబుతారు. పెత్తందారు ఇంట్లో బసచేస్తే యానాది గిరిజనుల కాలనీలో ఎవరూ నోరు విప్పరు. అంగన్‌వాడీ కార్యకర్తనో, కూలికి వెళ్లే ఆడవాళ్లనో పరిచయం చేసుకో. మొదటివారం ఏమీ అడక్కు, ఊరికే కూర్చో.

పేర్లు మారిస్తే చాలదు. ఎనిమిదిలో బడి మానేసిన యానాది పిల్ల ఆ ఊళ్లో ఒక్కతే ఉంటే, పేరు మార్చినా అందరికీ తెలిసిపోతుంది. ఊరినీ, తరగతినీ కూడా మార్చి రాయి. పెళ్లి గురించి చెప్పిన మాటలైతే థీసిస్‌లో పెట్టే ముందు తల్లినీ పిల్లనూ విడివిడిగా అడుగు. వద్దంటే వదిలెయ్.

నా మాట వింటే ముందు నలభై యాభై ఇళ్లలో చిన్న సర్వే చేసి, అందులోంచి నాలుగైదు కుటుంబాలను ఎంచుకుని దగ్గరగా చూడు. జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లు. ప్రశ్నావళి అచ్చుకిచ్చే ముందు నాకు పంపు, గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

మీ పెద్దనాన్న