నల్లరేగడిలో ప్రీఫ్యాబ్ ఇల్లు: మా నాలుగేళ్ల అనుభవం

పరకాల వైపు నల్లరేగడి పొలంలో ప్రీఫ్యాబ్ గది (ఫ్యాక్టరీలో తయారుచేసి, తెచ్చి దింపేది) పెట్టుకుంటే, వేసవిలో కూడా అమ్మానాన్నలు ఉండగలరా అని అడిగారు. ఉండగలరు. నర్సంపేట దగ్గర మాకు అలాంటిదే ఉంది, ఇది నాలుగో ఏడు. అయితే గదికని తీసిపెట్టిన డబ్బులో కొంత నేలకు, నీడకు మిగుల్చుకోండి.

మేము మిగుల్చుకోలేదు. నేల చదును చేసి, సిమెంటు దిమ్మెల మీద దింపించాం. క్రేను వచ్చిన పూటకే ఇల్లు తయారు. మొదటి వానాకాలం దాటకముందే బాత్రూం తలుపు పట్టేసింది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దిమ్మెల్లో ఒకటి పైకి లేచింది. వంటగట్టు మీద నిమ్మకాయ పెడితే దానంతట అదే దొర్లి సింకులో పడేది! చివరకు జాకీలతో ఎత్తించి, మొరం తగిలేదాకా తవ్వి పిల్లర్లు పోయించాం.

ఇక ఎండ. మా గోడలు, కప్పు రెండు రేకుల మధ్య నురుగు నింపిన 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు. అయినా మే నెల మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోయాం. కప్పుకు రెండడుగుల పైన, మధ్యలో గాలి ఆడేలా మరో రేకు వేయించి, పడమటి గోడకు తాటికమ్మల తడిక కట్టాకే ఊపిరి పీల్చుకున్నాం. ఒక లాభం మాత్రం ఉంది. స్లాబు పగలంతా వేడి తాగి అర్ధరాత్రి దాకా కక్కుతుంది. ఇది పొద్దుగూకిన కాసేపటికే చల్లబడుతుంది. అమ్మ దీన్ని ‘డబ్బా’ అనడం మానలేదు గానీ, ఏప్రిల్ వస్తే పడక అక్కడే. పైరేకు మీద కోతులు దూకినప్పుడు, వాన దంచినప్పుడు మాత్రం ఫోనులో మాట వినబడదు.

చవకని పాత షిప్పింగ్ కంటైనర్ జోలికి వెళ్లకండి. బయటి వెడల్పే 8 అడుగులు, లోపల ప్యానెళ్లు వేశాక మిగిలేది ఏడడుగుల చిల్లర. డబుల్ కాట్ వేస్తే పక్కన పక్కవాటుగా నడవాలి, రాత్రిపూట లేచే పెద్దవాళ్లకు కష్టం. పదడుగుల వెడల్పుకు తగ్గవద్దు. ఇనుప చట్రానికి ఎర్తింగ్ తప్పనిసరి.

గీజరు, టీవీ ఎక్కడ తగిలిస్తారో ఆర్డరు ఇచ్చే రోజే చెప్పండి, ఆ గోడలో ఇనుప పట్టీ పెడతారు. పలచని రేకులో మేకు నిలవదు. మా గీజరు ఇప్పటికీ బయట ఇనుప స్టాండు మీదే ఉంది.